మడికి పనికిరాని మేజోళ్ళు

పోయిన వారం మారతహళ్ళిలో మా మనవరాలి ఫ్లాటుకి పోతే, హాల్లో కొత్త బల్ల ఒకటి కనిపించింది. మీట నొక్కితే గుయ్యిమంటూ పైకి లేస్తుంది. దాని మీద కంప్యూటరు పెట్టుకుని ఆ పిల్ల పొద్దున్నించీ నిలబడే ఉంది. ఇంటినిండా కుర్చీలున్నాయి, అవి బట్టలు ఆరేసుకోవడానికి. "ఏమే, నీకు కూర్చునేదానికి యాడా చోటు లేదా?" అని అడిగితే, చెవిలో పెట్టుకున్నది తీసి, "కూర్చుంటే హెల్త్‌కి మంచిది కాదవ్వా. మా టీములో అందరం ఇదే ఆర్డర్ చేసుకున్నాం" అంది. మా ఇంట్లో ఆడవాళ్ళు ఏ బల్లా కొనకుండానే జీవితమంతా నిలబడ్డారు. వీళ్ళేమో నిలబడడాన్ని కూడా అంగడిలో తెచ్చుకుంటున్నారు. నాకు చిర్రెత్తుకొచ్చి, "నీ పిక్కలు చూపించు" అన్నాను. అవ్వకి మతి తప్పిందనుకుందో ఏమో, నవ్వుతూ పైజామా ఎత్తి చూపించింది. నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. అయినా నా కోపం తగ్గలేదు. "నిలబడితే నిలబడు గానీ రాయి మాదిరి నిలబడొద్దు. గంటకోసారి అటూ ఇటూ నడువు" అని గట్టిగా చెప్పాను. సరేనని తలాడించి మళ్ళీ చెవిలో అది పెట్టుకుంది. నాకు గుర్తొచ్చింది మా అక్క కాళ్ళు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మా బావగారి భార్య, నా తోడికోడలు. కాటన్‌పేటలో మాది కింద అంగడి, పైన కాపురం. కింద మా బావ, మా ఇంటాయన దారం ఉండలు అమ్మేవాళ్ళు. పైన అక్క ఒబ్బట్లు చేసేది. ఆ పేటలో ఒబ్బట్లు చేసేవాళ్ళకి కరువు లేదు, కానీ పండగనాడు దేవుడి ముందు పెట్టే ఒబ్బట్లు మా ఇంటినుంచే పోవాలి. ఎందుకంటే అక్కది మడి వంట. పొద్దున్నే తలమీదుగా స్నానం చేసి, ముందురోజు ఎవరూ తాకకుండా ఎత్తు దండెం మీద ఆరేసిన చీరని కర్రతో దించి కట్టుకునేది. ఆ తర్వాత పొరపాటున పిల్లి తగిలినా మళ్ళీ స్నానమే. ఒబ్బట్లకి వచ్చిన ఆడవాళ్ళు గడప అవతలే నిలబడి, మెడలు సాచి వంటింట్లోకి తొంగిచూసేవాళ్ళు. రుచి కోసం కాదు, మడి సరిగ్గా ఉందా లేదా అని. నెయ్యి పెనం మీద పడి బెల్లం, యాలకుల వాసన మెట్లమీదుగా దిగి అంగడిలోకి వచ్చేది. దారం కొనడానికి వచ్చినవాళ్ళు ధర మరిచిపోయి ముక్కులు ఎగబీల్చేవాళ్ళు.

ఇక్కడ ఆ వంటింటి కట్ట సంగతి చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు. మా అత్తగారి కాలంలో పొయ్యి నేలమీదే ఉండేది. పీట వేసుకుని కూర్చుని వండేవాళ్ళు. గ్యాసు వచ్చినాక మా బావ మేస్త్రీని పిలిపించి నడుమెత్తు కట్ట కట్టించి, దాని మీద నల్లరాయి పరిపించాడు. ఆడవాళ్ళు వంగే పని తప్పించానని ఆయనకి మహా గర్వం. ఇంటికి ఎవరొచ్చినా ముందు కట్ట చూపించి తర్వాతే కాఫీ ఇప్పించేవాడు. ఆ రోజునుంచి అక్క నిలబడింది. పీట అటకెక్కింది. ఎడమపక్క కణక పిండి ముద్దలు, కుడిపక్క పూర్ణం ఉండలు, ఎదురుగా పెనం. అన్నీ చేతికందేటట్టు అమర్చుకుంది కాబట్టి అడుగు కదిపే పని లేదు. ఆ తెలివికి అందరం మెచ్చుకున్నాం. మధ్యాహ్నం దాకా ఒకే చోట, రెండు పాదాలూ గచ్చుకి అతికించినట్టు నిలబడేది. పండగలొస్తే సాయంత్రం దాకా.

నేను ఆమె పిక్కల్ని మొదట చూసింది మేడమీద వడియాలు పెడుతున్నప్పుడు. చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుములో దోపింది. మోకాలి వెనకనుంచి చీలమండ దాకా నీలంగా, పచ్చగా, వానపాములు మెలికలు తిరిగి పడుకున్నట్టు ఉన్నాయి. "అక్కా, ఇదేంది?" అంటే, "సుమ్నె ఉండు, ఊరుకో. నరాలు లేచినాయి. పని చేసే కాళ్ళు ఇట్లే ఉంటాయి. నీ కాళ్ళు చూసుకో, కూర్చున్న కాళ్ళు" అని నన్నే ఎత్తిపొడిచింది. నరాలు అని పేరు పెట్టాం కాబట్టి నరాల బలహీనతకి టానిక్కు వచ్చింది. టానిక్కు తాగి ఆమె లావైంది, నరాలూ లావైనాయి. సాయంత్రానికి కాళ్ళు ఇసుకబస్తాల్లా ఉన్నాయనేది. పట్టీలు మాంసంలో దిగబడిపోతుంటే తీసి పెట్టెలో దాచింది. ఎదురింటామె ఇచ్చిన సలహా మీద పాత చీర చించి మోకాలి కింద బిగించి కట్టుకుంది. పైకి పోవలసిన రక్తాన్ని మధ్యలో ఉరివేసి ఆపితే కాలు ఇంకా ఉబ్బక ఏం చేస్తుంది! కానీ సలహా ఇచ్చేవాళ్ళకి మా పేటలో లోటెప్పుడు?

తర్వాత చీలమండ లోపలివైపు చర్మం మాడిన పెనం అడుగులా నల్లబడింది. దురద. గోకింది. గోకిన చోట పుండు పడింది. "షుగర్ పుండు" అని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పారు. రక్తం పరీక్ష చేయిస్తే షుగర్ లేదని వచ్చింది. ఇక చూడండి సంబరం! షుగర్ లేదు కాబట్టి పుండూ లేనట్టే అయిపోయింది. దాని మీద పసుపు పెట్టారు. పసుపు పనిచేయకపోతే కాఫీపొడి అద్దారు. వానాకాలం వచ్చి పోయింది, పుండు మాత్రం కన్ను తెరుచుకుని చూస్తూనే ఉంది. నాకు అక్షరాలు వచ్చిందే తల నెరిసినాక, కాబట్టి ఊరించి ఊరించి రాయడం చేతకాదు. సూటిగా చెప్తున్నాను: ఆ ఇంట్లో ఒబ్బట్టు కొంచెం మాడితే అందరూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఆ మనిషి కాలు మాడుతుంటే కాఫీపొడి అద్దారు.

చివరికి నేనే ఆటో ఎక్కించి తీసుకుపోయాను. ఆడ డాక్టరైతేనే వస్తానంది. సరే, ఆడ డాక్టరే. కర్నూలు వైపు పిల్ల. అక్కని చిన్న మెట్టు మీద నిలబెట్టి, కాలికి చల్లటి జిగురు పూసి, స్కాన్ చేస్తూ చీర ఇంకా పైకి ఎత్తమంది. "ఇంకా పైకా? సాకు, సాకు, ఇంక చాలు" అని అక్క చీర దించేస్తుంది, డాక్టరమ్మ ఎత్తుతుంది. ఈ పెనుగులాటలో ఆ స్కాన్ పెట్టెలోంచి రక్తం హోరు వినిపించింది. తర్వాత ఆ పిల్ల కాగితం మీద కాలు బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పింది. "అమ్మా, ఇవి నరాలు కావు. కాళ్ళనుంచి రక్తం గుండెకి తిరిగిపోయే గొట్టాలు. ఎత్తుకి ఎక్కాల కదా, అందుకని లోపల చిన్న చిన్న తలుపులుంటాయి. రక్తం పైకి పోతానే మూసుకుంటాయి. మీకు ఆ తలుపులు పాడైనాయి. ఎక్కిన రక్తం మళ్ళీ కిందికే జారతా ఉండాది. నడిస్తే పిక్క కండ దాన్ని పైకి పిండతాది. మీరు నడిచేదే లేదు, నిలబడేదే. లోపల ఆ ప్రెషర్ తగ్గకుండా పైన ఏం పూసినా పుండు మానదు."

మందు కాదు, లేజర్ చెయ్యాలంది. సన్నటి తీగ లోపలికి పంపి, వేడితో ఆ పాడైన గొట్టాన్ని మూసేస్తారట. అదే రోజు నడిచి ఇంటికి పోవచ్చట. అక్క ఒక్కటే ప్రశ్న అడిగింది. "మూసేస్తే ఆ రక్తం యాడికి పోవాలమ్మా?" "లోపల పెద్ద గొట్టాలు బాగుండాయి, స్కాన్‌లో చూసినా. వాట్లో పోతాది. ఇది పనిచేయని దారి, దీన్ని మూస్తేనే మంచిది" అంది డాక్టరమ్మ. అక్క తల ఊపింది. ఊపిందంటే ఒప్పుకున్నట్టు కాదు, ఇరవై మంది చుట్టాలు చెప్పేది వినేటప్పుడు ఊపే ఊపు అది. "వరమహాలక్ష్మి పండగ కానీ, చూద్దాం" అంది. డాక్టరమ్మ పాదం మీద నాడి పట్టి చూసి, అప్పటిదాకా వేసుకోమని బిగువైన మేజోళ్ళు రాసిచ్చింది. "పొద్దున లేస్తానే వేసుకోండి, పడుకునేటప్పుడు తీసేయండి. ఎప్పుడైనా రక్తం చిందితే భయపడొద్దు, పడుకోబెట్టి కాలు పైకెత్తి గట్టిగా అదమండి" అని నాకు కూడా చెప్పి పంపింది.

లేస్తానే! ఆ మాట చెప్పినంత తేలిక కాదు మా ఇంట్లో. పడుకుని లేచిన ఒళ్ళు స్నానం కాకుండా దేనికీ పనికిరాదు. స్నానమైనాక కట్టుకునేది మడి చీర. మడి చీర కట్టుకున్నాక, ఫ్యాక్టరీలో ఎవరు చేశారో, అంగడిలో ఎవరు తాకారో తెలియని నైలాను మేజోళ్ళు వేసుకుని పొయ్యి దగ్గరికి పోవడం అక్క లెక్కలో చెప్పుల కాళ్ళతో దేవుడి గదిలోకి పోవడమే. కాబట్టి ఏం చేసేదంటే, మధ్యాహ్నం దాకా ఉత్త కాళ్ళతో నిలబడి పని చేసేది. మడి విడిచి, భోంచేసి, మంచమెక్కి, అప్పుడు నన్ను పిలిచేది. అప్పటికి కాలు గుమ్మడికాయంత అయ్యుండేది. నేను నేలమీద కూర్చుని లాగేదాన్ని. పౌడరు చల్లినా అది ఎక్కేది కాదు. "ఒబ్బట్లు తింటావే గానీ చేతుల్లో బలం లేదేమ్మే నీకు" అని పైనుంచి దెప్పిపొడిచేది. ఎక్కించినాక అది వేసుకుని హాయిగా నిద్రపోయేది. అంటే నిలబడినంతసేపు మేజోడు లేదు, పడుకున్నప్పుడు ఉంది. వానలో మడిచి చంకలో పెట్టుకుని, ఇంటికొచ్చినాక గొడుగు విప్పుకున్నట్టు.

"డాక్టరు లేస్తానే వేసుకోమనింది కదా అక్కా!" అని రోజూ మొత్తుకునేదాన్ని. "వేసుకోని పొయ్యికాడికి పోయేదా? తినేవాళ్ళు దేవుడికి పెట్టుకుంటారే. వాళ్ళకి నేను చెప్పేదేంది, కాళ్ళు నొస్తాండాయి, అందుకని మడి తప్పినా అనా?" అది నిజం కాబట్టే నాకు మరింత మంట. ఆమె మడి తప్పిందని ఒక్కరు గడప దగ్గర గుసగుసలాడితే ఒబ్బట్లు ఆగిపోతాయి. ఒబ్బట్లు ఆగితే ఆ ఇంట్లో ఆమె ఎవరు? ఆ సంగతి ఆమెకి తెలుసు. పుండు మాత్రం ఇవేమీ తెలియక పెద్దదవుతూ వచ్చింది. మా బావ అంగడిలో కూర్చుని వచ్చినవాళ్ళకి చెప్పేవాడు, "మేజోళ్ళతో ఏమీ గుణం లేదప్పా. లేజర్ అన్నా ఇంతే ఉంటాది" అని.

వరమహాలక్ష్మి పండగ ఇంకా వారం ఉందనగా, ఒక పొద్దున స్నానాల గదిలోంచి "ఏమ్మే!" అని అక్క కేక. పోయి చూస్తే తెల్ల గచ్చంతా ఎర్రగా ఉంది. చీలమండ దగ్గర ఉబ్బిన గొట్టం ఒకటి చిట్లి, సన్నగా పిచికారీలాగా చిందుతోంది. నొప్పి లేదట, అందుకని ఆమెకి ఏం జరుగుతోందో తెలియక వింతగా చూస్తోంది. మా బావ పరిగెత్తుకొచ్చి కుర్చీ తెచ్చి, "కూర్చో, కూర్చో" అంటున్నాడు. మరోపక్క తువ్వాలు చించి మోకాలి కింద కట్టబోతున్నాడు. "కుర్చీ కాదు బావా, పడుకోబెట్టాల! కట్టొద్దు!" అని అరిచాను. ఆ ఇంట్లో బావ మీద గొంతెత్తడం అదే మొదలు. అక్కని తడి గచ్చుమీదే పడుకోబెట్టి, కాలు నా భుజం మీద పెట్టుకుని, ఉతికిన గుడ్డ మడిచి గట్టిగా అదిమాను. కాసేపటికి ఆగింది. ఆగిన వెంటనే ఆ మహాతల్లి కళ్ళు తెరిచి అన్న మొదటి మాట ఏమిటో చెప్పనా? "నన్ను తాకినావు కదే. మళ్ళీ స్నానం చెయ్యాల."

ఆసుపత్రికి ముగ్గురం పోయాం. "మేజోళ్ళు వేసుకుంటున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ. "వేసుకుంటానే ఉండాది. ఏమీ గుణం లేదు" అన్నాడు బావ. అక్క బుద్ధిమంతురాలైన బడిపిల్లలా తలూపింది. "ఎప్పుడు వేసుకుంటాదో అడగండి" అన్నాను నేను. అక్క నా వైపు చూసిన చూపుకి ఇంకొకరైతే నోరు మూసుకునేవాళ్ళు. నేను మొత్తం చెప్పేశాను: స్నానం, మడి చీర, పొయ్యి, మధ్యాహ్నం, మంచం. డాక్టరమ్మ నవ్వుతుందేమో, నవ్వితే అక్క లేచిపోతుందేమో అని భయపడ్డాను. ఆ పిల్ల నవ్వలేదు. "మా అవ్వది కూడా ఇదే మడి. నాకు ముందే తట్టాల్సింది" అని పెన్ను పక్కన పెట్టింది. "లేజర్ ఇంక ఆపేది లేదు, ఎల్లుండే చేసేద్దాం. మేజోళ్ళకి దారి చెప్తా. ముందు స్నానం చేసుకోండి. చేసుకున్నాక గోడకి కాళ్ళు పైకి ఆనించి కాసేపు పడుకోండి. దిగిన రక్తం వెనక్కి పోతాది, వాపు తగ్గతాది. అప్పుడు వేసుకోండి. రెండో జత కొనుక్కోని, ఉతికి మీ దండెం మీదే ఆరేసుకోండి."

అక్క మాత్రం, "నైలాను మడికి పనికొస్తాదా?" అంది. నేను తల పట్టుకున్నాను. కాలు పోయే దశలో ఉంది, ఈవిడకి నైలాను బాధ! డాక్టరమ్మ దగ్గర దానికి మందు లేదు. అప్పుడు మా బావ, అంతవరకూ గోడకి చేరగిలి ఉన్న మనిషి, గొంతు సవరించుకున్నాడు. "పట్టు మడికి పనికొస్తాది కదా? పట్టు అనేది పురుగు నోట్లోంచి వస్తాది. దాన్ని ఉడకబెట్టి, చంపి తీస్తారు. నేను దారాల వ్యాపారం చేసినోణ్ణి, నాకు తెల్దా? నైలానులో పురుగూ లేదు, పుట్రా లేదు. అదేం పాపం చేసింది?" అన్నాడు. అక్క మొగుడి మాటకి ఎదురు చెప్పలేదు. ఆయన మాట అని కాదు, దారం గురించి ఆయన అబద్ధం చెప్పడని ఆమె నమ్మకం. ఇంత మాట ఆయన ముందే అని ఉంటే ఎంత బాగుండేదని నేను పళ్ళు నూరుకున్నాను.

లేజర్ చేసేటప్పుడు కాలికి మాత్రమే మత్తు ఇచ్చారు. ఆ కాసేపూ అక్క పక్కనున్న నర్సమ్మకి కణక ఎంతసేపు నానాలో చెబుతూనే ఉందట. కాలికి గుడ్డ పట్టీ చుట్టి, లేచి నడవమన్నారు. అక్క వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూ, "నడవమని తరిమేస్తాండారు, ఇదేం ఆపరేషనమ్మే" అని సణిగింది. ఆ పండగకి మా ఇంటినుంచి ఒబ్బట్లు పోలేదు. పేటలో అందరూ వేరేచోట తెచ్చుకుని, దేవుడికి పెట్టి, తిని, అరిగించుకున్నారు. కొంపలేమీ మునగలేదు. అది తెలుసుకోవడం అక్కకి లేజర్ కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

పట్టీ విప్పి మేజోళ్ళు మొదలుపెట్టిన పొద్దున ఇంకో గలాటా. అక్క స్నానం చేసి, మడి చీర కట్టుకుని, చాప వేసుకుని, కాళ్ళు ఎత్తబోయి ఆగిపోయింది. గోడమీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు. ఈ గోడ వద్దని ఆ గోడకి తిరిగితే లక్ష్మీదేవి. హాల్లోకి పోతే నరసింహస్వామి, పక్కగదిలో గణపతి. దారం మిల్లులవాళ్ళు ఏటా ఇచ్చే క్యాలెండర్లు, పాతవి పారేస్తే పాపమని వరసగా తగిలించినవి. ఆ ఇంట్లో కాళ్ళు చాచుకోవడానికి దేవుడు లేని గోడ లేదు. అక్క చాప చంకలో పెట్టుకుని, తడి జుట్టుతో గది గదీ తిరుగుతోంది. నేను వెనకాల తిట్టుకుంటూ తిరుగుతున్నాను. నిలబడేకొద్దీ కాలు ఉబ్బుతోంది. మా బావ కాఫీ గ్లాసు కింద పెట్టి, స్టూలు తెచ్చుకుని ఎక్కి, వంటింటి పక్క గోడమీది క్యాలెండర్లన్నీ ఒక్కొక్కటే తీసి చుట్టలు చుట్టాడు. మేకులు కూడా పీకేశాడు. "దేవుడికి ఈ ఇంట్లో శానా గోడలుండాయి. నీకుండేవి ఈ రెండు కాళ్ళే. పడుకో" అన్నాడు. అక్క పడుకుంది. ఆమె ముఖం ఇటు తిప్పి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను గానీ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత కణక గిన్నెని కట్ట ఆ చివర, పూర్ణాన్ని ఈ చివర పెట్టించాను, ఒక్కో ఒబ్బట్టుకీ నాలుగడుగులు నడిచేటట్టు. వంటింట్లో గస్తీ తిరుగుతున్నట్టుందని అక్క విసుక్కునేది గానీ తిరిగేది. దసరాకి మళ్ళీ ఒబ్బట్లు మొదలైనాయి. గడప దగ్గర ఒకామె మెడ సాచి, "ఇదేంది, కాళ్ళకి మేజోళ్ళా?" అంది. అక్క పెనం మీదినుంచి కళ్ళు ఎత్తకుండా, "పట్టుకన్నా మడి ఇవి. అనుమానముంటే వచ్చి తాకు. తాకితే మాత్రం నీ ఒబ్బట్లు రేపే, నేను మళ్ళీ స్నానం చెయ్యాల" అంది. వచ్చినామె తాకకుండా ఒబ్బట్లు ఆ రోజే తీసుకుని పోయింది.

పుండు సంక్రాంతికి ముందే పూర్తిగా మూసుకుంది. నల్ల మచ్చ మాత్రం ఉండిపోయింది. అది కూడా పోతుందా అని అక్క అడిగితే, పోవచ్చు, పోకపోవచ్చు, చాలా ఆలస్యంగా వచ్చారు కదమ్మా అంది డాక్టరమ్మ. అక్క ఇప్పటికీ కాటన్‌పేట ఇంట్లోనే ఉంది, ఇప్పటికీ నన్ను ఎత్తిపొడుస్తూనే ఉంది. నేను పోయినప్పుడల్లా చీర అంచు కింద ఆ మచ్చ కనిపిస్తుంది, కనిపించినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. పుండు మానడానికి కొన్ని నెలలే పట్టింది. దాన్ని ఒకరికి చూపించుకోవచ్చని ఒక ఆడమనిషి ఒప్పుకోవడానికి పట్టిన ఏళ్ళే ఆమె చర్మంలో అలా నల్లగా నిలిచిపోయాయి. ఆ ఏళ్ళని ఏ డాక్టరూ వెనక్కి తీసుకురాలేదు.